చెరపడం రాని పెట్టె

పెట్టె అమ్మడానికి వచ్చిన ప్రతివాళ్లనీ నేను మొట్టమొదట అడిగిన ప్రశ్న ఒకటే: "కరెంటు పోతే మీ పెట్టె ఏం చేస్తుందండీ?"

వాళ్లంతా విశాఖపట్నం నుంచి కార్లలో దిగేవారు. నలగని చొక్కా, మెడలో బిళ్ల, భుజానికి ల్యాప్‌టాప్ సంచి. మా మిల్లు గేటు దాటారో లేదో జేబురుమాలు ముక్కుకి అడ్డం వచ్చేసేది. చెరకు పిప్పిని ఉడకబెట్టి, గుజ్జు చేసి, అట్టలు తీసే మిల్లు మాది. ఆ వాసన మాకు అలవాటైపోయింది గానీ కొత్తవాళ్లకి కడుపులో తిప్పుతుంది. ముక్కు మూసుకునే నా ప్రశ్న విని, నవ్వేసి, "ఈ రోజుల్లో కరెంటు ఎందుకు పోతుంది మేడమ్?" అనేవారు. నర్సీపట్నం పక్కన నిలబడి అనాల్సిన మాటేనా అది? పైన కొండల్లో గట్టిగా నాలుగు చినుకులు పడితే చాలు, మా లైను పడుకుంటుంది. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒకతన్నైతే టీ కూడా తాగనివ్వకుండా పంపేశాను. తర్వాత మా ఓనరుగారు నాకు చీవాట్లు పెట్టారు, టీ ఇవ్వనందుకు.

ఆ పెట్టె ఏమిటో చెప్పాలి. మిల్లులో వాడిన నీళ్లని వాడినట్టే బయటికి వదలకూడదు. తొట్లలో నిలవబెట్టి, మడ్డి దింపి, గాలి కొట్టి, మందు కలిపి, బాగుపడ్డాక ఒక చిన్న సిమెంటు కాలువలోంచి తూముకి, తూములోంచి గెడ్డలోకి, అంటే పక్కనే పారే వాగులోకి, వదులుతాం. ఆ పని చూసేదాన్ని నేను. కాలువలో కర్రలా పొడుగ్గా, కొసన గాజుతో ఒక సెన్సారు వేలాడుతుంటుంది. నీళ్లు పులుపు తిరిగాయా, సున్నం ఎక్కువైందా అన్నది అది కనిపెడుతుంది. పక్కనే ఇంకొకటి, తూములోకి ఎంత నీరు పోతోందో కొలుస్తుంది. ఈ రెండూ చెప్పింది చెప్పినట్టు ఎప్పటికప్పుడు రాసి దాచేదాన్ని రికార్డర్ అంటారు. మిల్లులో అందరం పెట్టె అనేవాళ్లం.

నేను చేరకముందు అక్కడ పాతకాలపు రికార్డర్ ఒకటి ఉండేది. గుండ్రటి కాగితం తిరుగుతుంటే దాని మీద సిరా ముల్లు గీత గీసేది. సిరా ఎప్పుడు ఎండిపోయిందో ఎవరూ చూడలేదు. కాగితం మాత్రం తెల్లగా తిరుగుతూనే ఉంది. ఆ ఏడాదే గెడ్డ కింద మొదటి మడి పాడైంది.

ఆ మడి ఒక రైతమ్మది. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండిగింజలు ఆ మడిలోవే. చేను పొట్ట మీద ఉండగా ఆకు ఎర్రబారి, వెన్ను తీసినా గింజ పాలు పోసుకోక, అంతా తాలు అయిపోయింది. మిల్లు నీళ్ల వల్లే అంది ఆవిడ. మా నీళ్లు ఎప్పుడూ బాగానే ఉన్నాయి, అన్నీ మాకు తెలుసు అన్నారు మిల్లువాళ్లు. చూపించడానికి మాత్రం తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. ఎవరి మాట నిజమో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ ఏడాది ఆ ఇంట్లో బియ్యం కొనుక్కుని తిన్నారన్నది మాత్రం నిజం.

గొడవ మండలాఫీసు దాకా వెళ్లింది. మిల్లు నమ్మకమైన రికార్డర్ పెట్టాలని, సోమవారం సోమవారం ఆవిడ వచ్చి దాన్ని చూసుకోవచ్చని అక్కడ ఒప్పందం కుదిరింది. చూసి నమ్మకం కుదిరితేనే గెడ్డ నీరు మడిలోకి తీస్తాను, లేకపోతే వానకి ఎంత పండితే అంతే అని ఆవిడ తేల్చి చెప్పేసింది. ఆ తర్వాతే మిల్లువాళ్లు కెమిస్ట్రీ చదివినవాళ్ల కోసం వెతికి నన్ను తీసుకున్నారు. విశాఖలో మందుల కంపెనీ ల్యాబులో చేస్తూ, మా ఆయన బడి ఉద్యోగం నర్సీపట్నం మారడంతో ఇటొచ్చినదాన్ని. చేరిన వారంలోనే ఓనరుగారు పిలిచి, "మంచి పెట్టె ఒకటి చూడమ్మా. మళ్లీ మండలాఫీసు మెట్లు ఎక్కే ఓపిక నాకు లేదు" అన్నారు.

ల్యాబు బుద్ధి ఎక్కడికి పోతుంది? రంగుల కాగితాల మీద ఎన్ని సుగుణాలు అచ్చేసుకొచ్చినా నాకు ఆనలేదు. వచ్చినవాళ్లలో కాస్త నిలబడి మాట్లాడిన ముగ్గురిని పట్టుకుని, "మీ పెట్టెలు తెచ్చి మా గోడకి బిగించండి. మూడింటికీ మా సెన్సార్లే కలపండి. కొన్నాళ్లు ఇక్కడే ఉండనివ్వండి. ఏది నిలబడితే అది కొంటాం" అన్నాను. ఏసీ గదిలో ఎవరైనా బాగానే పనిచేస్తారు. మా తొట్ల పక్క రేకుల గదిలో మధ్యాహ్నం పూట మనిషే నిలబడలేడు. ఆ ఆవిరికి రాగితీగ పచ్చబడిపోతుంది. చీమలకి మీటర్ల డబ్బాలంటే పుట్టిల్లే. పెట్టె పరీక్ష అక్కడ జరగాలి గానీ ఇంకెక్కడా కాదు.

మొదటి పెట్టె అందగత్తె. పెద్ద తెర, తెర నిండా రంగులు. ఓనరుగారు దాన్ని చూసిన గంటలోనే మనసు పారేసుకున్నారు. నేను మెయిన్ స్విచ్ దించి, కాసేపాగి ఎత్తాను. తెర వెలిగింది. గీత చూస్తే ఎక్కడా తెగలేదు, కరెంటు లేనంతసేపూ కూడా నున్నగా సాగిపోయింది.

"ఈ గీత ఎక్కడిదండీ? అప్పుడు పెట్టె ఆగిపోయి ఉంది కదా" అన్నాను.

"ముందు అంకెనీ తర్వాత అంకెనీ అదే కలిపేస్తుంది మేడమ్. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది."

నేనేదో అనబోయేలోగా అతను దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "పాస్‌వర్డ్ కొడితే ఏ అంకె అయినా మనమే సరిచేసుకోవచ్చు. ఓనర్లకి బాగా నచ్చేది ఇదే" అన్నాడు. నాకు నచ్చలేదని నా మొహం చూసి గ్రహించాడు పాపం.

రెండో పెట్టె తన దగ్గర ఏమీ దాచుకోదు, ఎప్పటికప్పుడు ఫోనుకి పంపించేస్తుంది. ఎక్కడున్నా చూసుకోవచ్చు అన్నారు. మా తొట్ల దగ్గర ఫోను మాట్లాడాలంటే పిప్పి గుట్ట ఎక్కాలి. పెట్టె గుట్ట ఎక్కలేదు కదా, పంపినవి సగం దారిలోనే పోయాయి. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోయేది. నిన్నటి నీళ్లని ఎప్పటివో అని రాసే పెట్టెతో నేనేం చేసుకోను?

మూడోది బూడిదరంగు దిమ్మ. తెర అరచేయంత. దాన్ని తెచ్చినతను కూడా దానిలాగే, అడిగితే తప్ప మాట్లాడడు. కరెంటు పోతే అని నేను మొదలెట్టగానే, "బ్యాటరీ మీద నడుస్తుందండీ. సెన్సార్లనీ అదే నడుపుతుంది. బ్యాటరీ కూడా అయిపోతే ఆగిపోతుంది. ఆగినంతసేపూ ఖాళీ వదిలేస్తుంది" అన్నాడు.

"రాసింది చెరపొచ్చా?"

"చెరపడం రాదండీ దానికి," అన్నాడు, పిల్లకి వంట రాదని పెళ్లివారితో ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టి. నాకు నవ్వాగలేదు. ఆ రోజు అతనికి టీతో పాటు ఉల్లిపాయ పకోడీ కూడా తెప్పించాను.

అలాగని వెంటనే ఒప్పేసుకోలేదు. స్విచ్ దించాను, ఎత్తాను, బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా వదిలేశాను. చెప్పినట్టే ఖాళీ వదిలింది, కరెంటు రాగానే సరైన టైముతో మళ్లీ రాయడం మొదలెట్టింది. పులుపు ఎంతో నాకు ముందే తెలిసిన మందునీళ్లలో సెన్సారు ముంచి చూశాను, మూడుసార్లూ అదే అంకె చూపించింది. తలుపుకి చుట్టూ రబ్బరు ఉండడంతో చీమలు దూరలేదు. రాసిందంతా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుంటే వచ్చింది. ఇంతకన్నా నాకేం కావాలి?

ఓనరుగారికి మాత్రం అందగత్తె మీదే మనసు. "ఏమ్మా, బొమ్మలాంటి పెట్టె వదిలేసి ఈ మొద్దుది ఎందుకు?" అన్నారు.

"రేపు ఆ రైతమ్మ వచ్చి, 'ఈ గీత మీరు దిద్దలేదని నాకేటి నమ్మకం?' అంటే, దిద్దడం కుదరదమ్మా అని నేను చెప్పగలగాలండీ. ఆ పెట్టె అయితే ఆ మాట చెప్పలేను" అన్నాను.

ఆయన ఆ రంగుల తెర వైపు మరోసారి చూసుకుని, మొద్దు పెట్టె కాగితాల మీద సంతకం పెట్టారు. ఇష్టం లేకపోయినా పెట్టారు. ఆ సంతకానికి నేను ఆయనకి ఈనాటికీ కృతజ్ఞురాల్నే.

వానలు మొదలయ్యాక రైతమ్మ రావడం మొదలెట్టింది. సోమవారం పొద్దున్న కొంగు బొడ్లో దోపుకుని, పొలం గట్టు మీంచి నేరుగా మా వెనక గేటుకి వచ్చేది. ఆవిణ్ణి నేను పిన్నీ అనేదాన్ని. ఆవిడ మాత్రం నన్ను మేడంగోరూ అనడం మానలేదు. తెర మీద రెండు ఎర్రగీతలుండేవి. వాటి మధ్య నల్లగీత నడిస్తే నీళ్లు మంచివన్నట్టు. అడుగున నీలంగీత తూములోకి ఎంత నీరు పోతోందో చెబుతుంది. ఒకసారి చెబితే పట్టేసుకుంది. వారం మొత్తం వెనక్కి తిప్పించుకుని, వేలు పెట్టి, గీత వెంబడే నడిచేది. ఒక్కోసారి నాకు తొట్ల దగ్గర పని ఉండి విసుగొచ్చేది కూడా. ఆవిడ తొందరపడేది కాదు. చూడ్డం అయ్యాక "సరేనండి" అని వెళ్లిపోయేది. నీరు మాత్రం తీసేది కాదు. వానలు బాగానే పడుతున్నాయి కాబట్టి ఆ అవసరమూ రాలేదు.

దసరా దగ్గర పడేసరికి వాన మొహం చాటేసింది. అంతకుముందు గాలివానొకటి వచ్చి, స్తంభాలు పడగొట్టి వెళ్లింది గానీ మళ్లీ చినుకు లేదు. ఆవిడ చేను సరిగ్గా పొట్ట మీద ఉంది. వరికి నీళ్లు తప్పనిసరిగా కావాల్సింది అప్పుడే. మడిలో నేల నెర్రెలు తీయడం మొదలెట్టింది. పక్కనే గెడ్డ పారుతోంది. గెడ్డ నీరు తీస్తే పోయినేడులా అవుతుందేమోనని భయం, తీయకపోతే ఎలాగూ తాలే. దసరా ముందు సోమవారం ఆవిడ పెట్టె చూసి, వెళ్లబోతూ ఆగి, "పండగెల్లాక వొచ్చే సోమారం కూడా గీత ఇలగే ఉంతే గట్టుకి మడవ తీసి నీరెట్టెత్తానండి మేడంగోరూ. ఆపైన ఆగనేనండి, సేను ఆగదు" అంది. నేను ధీమాగా, "అలాగే ఉంటుంది పిన్నీ" అన్నాను.

మా ప్లాంటు ఆపరేటరు కొండవైపు ఊరి మనిషి. నాకంటే చాలా పెద్దవాడు, అన్నా అని పిలిచేదాన్ని. పని మీద భక్తి అంటే ఏమిటో ఆయన్ని చూసి తెలుసుకోవాలి. ఆయుధ పూజ రోజు మిల్లులో యంత్రాలన్నిటికీ సెలవు. పంపులు ఆపి, మెయిన్ దించి, అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. నేను నర్సీపట్నంలో ఇంట్లో, వచ్చిన చుట్టాలకి గారెలు వేస్తూ ఉన్నాను.

పండగ మర్నాడు వెళ్లగానే తెర చూశాను. ఆయుధ పూజ పొద్దున్న నల్లగీత ఉన్నట్టుండి కింది ఎర్రగీతని దాటి పాతాళానికి పోయింది. సాయంత్రం దాకా అక్కడే ఉంది. నిమ్మరసమంత పులుపు! తొట్లన్నీ పరిగెత్తి చూశాను. ఏ తొట్లోనూ తేడా లేదు. కాలువలోంచి సెన్సారు పైకి తీసి చూస్తే, పట్టుకునే చోట పసుపు మరక కనిపించింది.

"అన్నా! పండగనాడు దీన్ని ఏం చేశావు?"

ఆయన మొహం వెలిగిపోయింది. "పూజ సేసానండి. మోటార్లకీ పంపులకీ అందరూ సేత్తారు, దీన్నెవరూ పట్టించుకోరు గదాండి. పైకి తీసి, సుబ్బరంగా తానం సేయించి, బొట్టెట్టి, కొసకి నిమ్మకాయ గుచ్చానండి, అమ్మోరి సూలానికి గుచ్చినట్టు. దిష్టి తగలకూడదు గదాండి. సాయంత్రం కడిగీసి మళ్లీ పెట్టీసినాను."

కత్తితో గాటు పెట్టి, గాజు పగలకుండా, ఎంతో జాగ్రత్తగా గుచ్చాడట. మెయిన్ దించితే అన్నీ పడుకుంటాయనుకున్నాడు. మా పెట్టెకి బ్యాటరీ ఉంది కదా, అది పడుకోలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నిమ్మకాయ పులుపుని తు.చ. తప్పకుండా రాసుకుంది. నేను అరిచిన అరుపుకి గుట్ట మీద కొంగలు లేచిపోయాయి. అరిచాక ఆయన మొహం చూసి నాకే కష్టమనిపించింది. చేసినవాడికి తెలీదు, చేసిందేమో ప్రేమతో. ఎవర్ని తిట్టను?

ఓనరుగారు విషయం విని తేలిగ్గా, "చెరిపెయ్యమ్మా" అన్నారు.

"చెరగదండీ."

"అబద్ధం రాయమనడం లేదు కదా. నిమ్మకాయ పులుపుని నీళ్ల పులుపు అని రాసిందది. తప్పు అంకె తీసేస్తే తప్పేముంది?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నేను మళ్లీ, "చెరగదండీ" అన్నాను.

"ఎవరు కొనమన్నారమ్మా అలాంటిది?"

"మీరే సంతకం పెట్టారండీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, "పోనీ తెర ఆపేసి, రిపేరు అని కాగితం అంటించు. ఒక్క సోమవారం గడిచిపోతుంది" అన్నారు.

"ఆ ఒక్క సోమవారం కోసమే ఆవిడ చేను ఎదురుచూస్తోందండీ. రిపేరు అంటే ఆవిడ మడవ తీయదు. తీయకపోతే మళ్లీ కొనుక్కు తినాలి."   ఆయన కళ్లు తెరిచి కుర్చీలోంచి లేచారు. "సరే. చూపించు. నువ్వు చూపించేటప్పుడు నేనూ పక్కనే నిలబడతాను" అన్నారు.

సోమవారం ఆవిడ రానే వచ్చింది. రేకుల గదిలో ఓనరుగారు, ఆపరేటరు, నేను. అంతమందిని చూడగానే ఏదో జరిగిందని ఆవిడకి అర్థమైపోయింది. నేరుగా తెర దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి గీత వెంబడి నడవడం మొదలెట్టింది. వేలు జారి కిందికి పోయింది.

"గీత పడిపోనాదేటండీ?"

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆపరేటరు ముందుకొచ్చి, "నానే సేసినానమ్మా. నిమ్మకాయ గుచ్చితే ఇలగవుతాదని నాకు తెల్దు" అన్నాడు. నిమ్మకాయ తెచ్చి, గాటు పెట్టి, సెన్సారు కొసకి పెట్టి చూపించాడు. మేం చూస్తుండగానే తెర మీద గీత కిందికి పడిపోయింది. ఆవిడ నవ్వలేదు.

"ఇప్పుడు పడ్డాది, సరే. ఆవేళా ఇదే అయిందని ఎలగండీ?"

"ఆ రోజు పంపులే నడవలేదు పిన్నీ. నీలంగీత చూడు, నేలమట్టం. తూములోకి చుక్క పోలేదు."

"అదీ ఈ పెట్టి రాసిందే గదాండి."

  పెట్టెని నమ్మించడానికి పెట్టెనే సాక్ష్యం పిలిస్తే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు?  ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగి, "ఎనక్కి తిప్పండి" అంది. తిప్పాను. "ఇంకా ఎనక్కి." గాలివాన రోజుల దగ్గర ఆపించింది. అక్కడ గీత లేదు. తెల్లగా ఉంది. ఆ వారం నాకు జ్వరమొచ్చి సెలవులో ఉంటే ఆపరేటరే పెట్టె చూపించాడు. గాలివాన గొడవలో ఆవిడ కూడా నిలబడి చూసుకోలేదట.

"ఇక్కడేటి కాళీగుంది?"

"గాలివానకి కరెంటు పోయింది పిన్నీ. రెండు రోజులు రాలేదు. బ్యాటరీ కూడా అయిపోయింది."

"అప్పుడు నీళ్లెలగున్నాయి?"

"తెలీదు" అన్నాను.

ఆవిడ వేలు తెర మీద అలాగే ఉండిపోయింది. తల తిప్పి నన్ను చూసింది. "ఏటన్నారూ?"

"నాకు తెలీదు పిన్నీ. పంపులు నడవడానికి కరెంటు లేదు కాబట్టి నీళ్లు పోయి ఉండవు అనుకుంటున్నాను. కానీ చూసినవాళ్లు లేరు, రాసిన పెట్టె లేదు. అందుకే తెలీదు."

ఓనరుగారు నా పక్కన ఇబ్బందిగా కదిలారు. నాకూ లోపల పీకుతూనే ఉంది. ఆవిడకి ధైర్యం చెప్పాల్సిన రోజున తెలీదు అని చెప్పాను. బాగానే ఉన్నాయి అంటే నా సొమ్మేం పోయింది?

ఆవిడ తెర మీంచి చెయ్యి తీసేసి కొంగుతో వేలు తుడుచుకుంది. "పోయినేడు మీ మిల్లోళ్లు అన్నీ తెలుసన్నారండి" అంది మెల్లగా, ఓనరుగారి వైపు చూడకుండా. "ఏటడిగినా బాగానే ఉన్నాదీ బాగానే ఉన్నాదీ అన్నారు. తెల్దని ఒక్కళ్లన్నా అన్నేదు. మీకు సెడ్డయ్యే ముక్క మీరే సూపించారు. తెల్దన్నకాడ తెల్దన్నారు. మరింక తెలుసన్న ముక్క నమ్మకపోతే ఎలగండీ?"

 ఆపరేటరు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మీరు నాతో ఓపాలి రండి మేడంగోరూ. బేగి ఎల్లిపోదాం, ఎండెక్కిపోతాది" అంది.

గట్టు వెంబడి ఆవిడ ముందు, నేను వెనక. గట్టు మీది గడ్డికి పట్టేస్తుందని చీర ఎత్తిపట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాను. మడి దగ్గరికి వెళ్లేసరికి చేను లేతాకుపచ్చగా, దుబ్బు దుబ్బుకీ పొట్ట ఉబ్బి ఉంది. కింద నేల మాత్రం నా వేలు దూరేంత నెర్రెలు. ఆవిడ పార తీసుకుని గట్టు దగ్గర వంగింది. కిందటేడు పంట పోయిన తర్వాత తనే కట్టేసిన మడవ అది, మట్టి రాయిలా గట్టిపడిపోయింది. పారతో కొట్టి కొట్టి తెరిచింది. గెడ్డ నీరు కాసేపు ఆగి, తర్వాత తోసుకుంటూ మడిలోకి వచ్చింది. నెర్రెల్లోకి దిగి, బుడగలు తీస్తూ, వరుస వరుసకీ పాకింది.

 ఇన్నాళ్లూ గీతలు చూశాను, అంకెలు చూశాను, పెట్టె కోసం ఎంతమందితోనో పోట్లాడాను. ఆ నీళ్లు ఒక ఇంటి అన్నంలోకి వెళ్లడం నా కళ్లతో నేను చూడ్డం అదే మొదలు. ఒక్క మాట తేడా వచ్చినా మళ్లీ ఆ ఇంట్లో బియ్యం కొనుక్కోవాలి. ఆవిడ మాత్రం గట్టు మీద కూర్చుని, నా మొహం చూసి, "ఏటండీ అలగయిపోనారు? కూకోండి" అని నవ్వింది. ఆవిడ నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. మడి నిండేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆవిడ గట్టు మీద కాసిన దోసకాయ కోసి నాకు సగం ఇచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది, దోసకాయ చేదుగా ఉందని అబద్ధం చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

తర్వాత ప్రతిరోజూ మిల్లుకి వెళ్తూ ఆ చేను వైపు చూసేదాన్ని. ఆకు ఎర్రబడిందేమో, వెన్ను తెల్లగా వచ్చిందేమో అని. ఏమీ కాలేదు. వెన్ను వచ్చింది, పాలు పోసుకుంది, గింజ గట్టిపడి వంగింది. ఒకరోజు దారిలో ఆటో ఆపించి, దిగి ఒక గింజ గిల్లి చూశాను. నిండుగా ఉంది. ఆటోలో ఉన్నవాళ్లంతా నన్ను వింతగా చూశారు.

ఈ మధ్య ఎవరైనా చిన్న మిల్లువాళ్లు ఫోను చేసి, మంచి రికార్డర్ ఏదో చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. బ్యాటరీ చూసుకోండి, టైము చూసుకోండి, తలుపుకి రబ్బరు ఉందో లేదో చూసుకోండి, మీ గదిలోనే పెట్టి పరీక్షించండి అని చెబుతాను. చెరపడం వచ్చినదాన్ని మాత్రం గేటు దాటనివ్వకండి అంటాను. ఎందుకని అడిగితే చెప్పడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఇదంతా రాయాలనిపించింది. ఈ కోపిష్టిదాని మాటకి సంతకం పెట్టి, అవమానమవుతుందని తెలిసీ నా పక్కన నిలబడ్డ ఓనరుగారికి, తను చేసింది తనే ఒప్పుకుని ముందుకొచ్చిన ఆపరేటరు అన్నకి, సిగ్గుపడుతూ తన పెట్టె గుణం చెప్పిన ఆ మాటకారి కాని అబ్బాయికి నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ఎక్కువగా ఆవిడకి.

మడవ తెరిచిన తర్వాత సోమవారం ఆవిడ రాలేదు. ఆ మరుసటి వారమూ రాలేదు. ఒంట్లో బాగోలేదా, నా మీద కోపమొచ్చిందా అని నాకు కుదురు లేకపోయింది. పిప్పి గుట్ట ఎక్కి ఫోను చేశాను.

"రావడం మానేశావేం పిన్నీ? పెట్టె చూసుకోవా?"

అవతల గేదెని అదిలిస్తున్న చప్పుడు వినబడింది.

"మీరు సూత్తన్నారు గదాండి," అంది. "ఏటైనా అయితే మీరే సెప్తారు. నానెందుకండీ మళ్లీ?"